కుదరదుగారు

భవానీపురంలో ఆయన డాబా మీద, ఆయన శిష్యులందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, ఆయన చొక్కా కాలరు పట్టుకుని కుర్చీలోంచి లేవదీసి, "ఇంకోసారి మా పిల్లాడికి పాఠం చెప్పావంటే ఇక్కణ్ణించి ఎత్తి కృష్ణలో పారేస్తాను" అన్న మనిషిని నేను. ఆయన కాళ్ళు నేలకి ఆనలేదు. కింద రోడ్డు మీద రిక్షాలు ఆగిపోయాయి. విజయవాడలో ఆయన్ని ఎదిరించినవాడు నాకు ముందు లేడు, తర్వాతా లేడు.

ఆయన పోయాడని మా మేనల్లుడు ఫోన్ చేసినప్పుడు నేను కాఫీ తాగుతున్నాను. ఫోన్ పెట్టేసి మిగతా కాఫీ కూడా తాగాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఎవరండీ పోయింది?"

"కుదరదుగారు."

"అయ్యో! మరి అలా కూచున్నారేం?"

"ఎలా కూచోమంటావు?"

"పోయినవాళ్ళ మీద కూడానా మీ పంతం!" అని తల కొట్టుకుని లోపలికి పోయింది.

ఆయనకి అసలు పేరు వేరే ఉంది. అది నా చేత్తో రాయడం నాకు ఇష్టం లేదు. కుదరదుగారు అన్నది కుర్రాళ్ళు పెట్టిన పేరు. ఆయన ఎదురుగా సార్ అనేవాళ్ళు, మెట్లు దిగగానే కుదరదుగారు అనేవాళ్ళు. ఆయనకీ తెలుసు. తెలిసి సంతోషించేవాడు. ఏ మనిషైనా ఆ పేరుకి సంతోషిస్తాడా?

తొంభైల్లో మాట ఇది. ఏదో సర్కారు ఆఫీసులో జీతాల బిల్లులు రాసి రాసి రిటైరయ్యాడు. భవానీపురంలో ఓ డాబా ఇల్లు కట్టి, పైన వరసగా గదులు వేసి, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పెళ్ళికాని కుర్రాళ్ళకి అద్దెకిచ్చేవాడు. వ్యాపారస్తులకి ఇవ్వడు. చదువుకునేవాళ్ళకి ఇవ్వడు. నెలజీతం ఉండాలి, అదీ మొదటి జీతమై ఉండాలి. నేతిముద్ద వేడిగా ఉన్నప్పుడే కదా మనకి కావలసిన ఆకారంలోకి వచ్చేది, అనేవాడు. నెయ్యి ఆకారం సంగతి నాకు తెలియదు. ఆయన ఇంట్లో నెయ్యి నేనెప్పుడూ చూడలేదు.

మనిషి పొడుగు, సన్నం. మెడ కాస్త ముందుకి వంగి, ఎప్పుడూ ఎవరి జేబులోకో తొంగిచూస్తున్నట్టు ఉండేవాడు. మెడలో నల్లతాడుకి బీరువా తాళంచెవి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ తాళంచెవి పైకి తీసి చెవిలో పెట్టి తిప్పేవాడు. బయటికి తీసి, వెలుతురుకి ఎత్తి పరీక్షగా చూసి, పంచెకి తుడుచుకుని, ఆగిన వాక్యం ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టేవాడు. నాకు ఒళ్ళు జలదరించేది. నోట్లు లెక్కపెట్టాలంటే బొటనవేలు నాలిక మీద రాసుకోవాలి. తన నోట్లయితే తన ఖర్మ. ఎదుటివాడివి కూడా అలాగే లెక్కపెట్టి ఇచ్చి, అదే వేలితో పకోడీల పళ్ళెం మనవైపు తోసేవాడు. టీ వస్తే సగం సాసర్లో ఒంపుకుని చప్పుడు చేస్తూ జుర్రి, కప్పులో మిగిలింది "తీసుకోండి, వేడిగా ఉంది" అని చేతికిచ్చేవాడు.

వీటన్నిటికీ పైన ఆ సబ్బుండ. కుర్రాళ్ళు ఉమ్మడి బాత్రూంలో అరిగిపోయిన సబ్బుముక్కలు వదిలేస్తారు కదా. అవన్నీ ఏరి, తడిపి, ఒక్కటిగా పిసికి, లడ్డూలా ఉండ చేసేవాడు. గులాబి, ఆకుపచ్చ, తెలుపు, మధ్యమధ్యలో ఎవరివో వెంట్రుకలు. ఇంటికెవరైనా వచ్చి చెయ్యి కడుక్కుంటానంటే ఆ ఉండ తెచ్చి అరచేతిలో పెట్టేవాడు. "దీంట్లో ఆరుగురి జీతాలున్నాయండీ" అని నవ్వేవాడు. ఆ రోజుల్లో ఆయన ఇంటికెళ్ళి వస్తే నేను తిన్నగా మా పంపు దగ్గరకి పోయి రెండోసారి చేతులు కడుక్కునేవాణ్ణి.

మరి ఎందుకు వెళ్ళేవాడివయ్యా అంటారు. మా అక్క కొడుకు ఆయన గదుల్లో చేరాడు కాబట్టి. ఉయ్యూరు నుంచి వచ్చాడు. నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. నా ఇంట్లో ఉండరా అంటే, "ఎందుకులే మావయ్యా, ఆఫీసుకి దగ్గర" అని అక్కడ చేరాడు. మా ఇంటికీ ఆ డాబాకీ మధ్య రెండు వీధులు. ఆఫీసుకి దగ్గరట!

ఆదివారం పొద్దున ఆ డాబా మీద పాఠం. ఆయన భార్య పకోడీలు వేసేది. నూనె ఎన్నాళ్ళదో చెప్పలేను గానీ పకోడీ తింటే వేళ్ళు నల్లబడేవి. ఆవిడ మాట్లాడగా నేను వినలేదు. ఆయన మాట ఆపగా నేను చూడలేదు.

పాఠాలు ఏమిటంటే: జీతం ఎంతో ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పొద్దు, అడిగినవాడికి ఒక మెట్టు తగ్గించి చెప్పు. వాయిదాల మీద మోటార్‌సైకిలు కొన్నవాడు పెట్రోలు కోసం కూడా అప్పు చేస్తాడు. చీటీ వెయ్యి, కానీ ముందు పాడొద్దు. ఇవి ఏ పెద్దమనిషైనా చెబుతాడు. ఆయన గొప్పదనం, అంటే నాకు రోత పుట్టించిన విద్య, వేరే ఉంది. ఆయన మా జిల్లా మొహమాటానికి మందు కనిపెట్టానని చెప్పుకునేవాడు.

"కృష్ణా జిల్లావాడికి జబ్బు ఒక్కటే" అనేవాడు. "ఎదుటివాడు గారూ, అండీ అని ఓ మాట ఎక్కువ పలికాడంటే ఇక కాదనలేడు. తాగి చెడినవాడు తిరిగి లేస్తాడు. జామీను సంతకం పెట్టి చెడినవాడు లేవగా నేను చూడలేదు. జీతాల బిల్లు రాసేవాణ్ణి నేను. ఎవడి జీతంలో ఎవడి చీటీకి కోత పడుతోందో నా చేత్తోనే రాశాను."

ఇక్కడ చీటీ సంగతి ఓ ముక్క చెప్పాలి. నెలనెలా అందరూ కడతారు, నెలకోసారి పాట పెడతారు. ఎవడు ఎక్కువ వదులుకుంటానంటే వాడికి మిగతా మొత్తం చేతికొస్తుంది. పాడినవాడు ఆ తర్వాత ఎగ్గొట్టకుండా నెలజీతం ఉన్నవాళ్ళ చేత జామీను సంతకాలు పెట్టిస్తారు. వాడు కట్టకపోతే వీళ్ళ జీతాల్లోంచి కోసుకుంటారు. అందుకని మా వైపు సర్కారు ఉద్యోగం వచ్చిన కుర్రాడు దొరికితే, పిల్లనిచ్చేవాళ్ళ కన్నా ముందు సంతకం అడిగేవాళ్ళు వాలేవాళ్ళు.

ఆ సంతకం ఎక్కడ అడగాలన్నదానికి ఓ పద్ధతి ఉంది. ఇంటికెళ్ళి అడిగితే ఆలోచించి చెబుతానంటాడు. ఆఫీసుకెళితే పనిలో ఉన్నానంటాడు. శుభకార్యంలో, బంతిలో, విస్తరి ముందు అడగాలి. తింటున్నవాడు లేచిపోలేడు. పక్కన పిన్ని, ఎదురుగా పెద్దమ్మ, వెనక వడ్డించే బాబాయి. అంతమందిలో ఎవడు కాదంటాడు? పెళ్ళిళ్ళకి కొందరు చదివింపుల కవరుతోపాటు ఆ జామీను ఫారం కూడా జేబులో పెట్టుకుని వచ్చేవాళ్ళు.

ఆయన దీనికి డాబా మీద కసరత్తు పెట్టాడు. కుర్రాళ్ళని వరసగా చాప మీద కూచోబెట్టి, ముందు న్యూస్‌పేపరు పరిచి, దాంట్లో పకోడీలు వేయించి, తను మేనమామలాగా, బాబాయిలాగా, చచ్చిపోయిన నాన్న స్నేహితుడిలాగా కాగితం పట్టుకుని వచ్చేవాడు. కళ్ళలో నీళ్ళు తెప్పించుకునేవాడు. ఒకసారి నేనే చూశాను. బందరు వైపు నుంచి వచ్చిన కుర్రాడు, వాళ్ళది చేపల వ్యాపారం చేసే ఇల్లు, మెత్తని మనిషి. వాడి ముందు ఈయన గొంతుక్కూచుని, "ఒరేయ్ నాన్నా, మీ నాన్నా నేనూ ఒకే పడవలో పెరిగాం రా, ఈ ఒక్క సంతకం" అన్నాడు.

"కుదరదు బాబాయ్" అన్నాడు వాడు. అని ఊరుకోవచ్చు కదా. "మా పడవ ఇంజను బాగుచేయించాలి, అందుకని..."

ఈయన ఎగిరి లేచాడు. "చచ్చావు! కారణం చెప్పావు! కారణం చెబితే దానికి వాడు మందు తెస్తాడు. 'ఇంజను నేను బాగుచేయిస్తా, సంతకం పెట్టు' అంటాడు. అప్పుడేమంటావు?"

"ఏవంటాను సార్... పెడతాను."

"పెడతాడట! కుదరదు అన్నాక నోరు ముయ్యి. ఆ తర్వాత ఏం మాట్లాడాలన్నది అడిగినోడి తలనొప్పి. మళ్ళీ అను."

"కుదరదు బాబాయ్."

"ఎందుకని రా?"

"కుదరదు బాబాయ్."

"నేను చచ్చిపోతాన్రా!"

ఆ కుర్రాడి పెదవులు వణికాయి. "కుదరదు బాబాయ్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక మనిషి చచ్చిపోతానంటే కుదరదు అనడం నేర్పి, ఆ పైన చప్పట్లు!

అంతటితో ఆగితే ఆయన్ని పిచ్చివాడని వదిలేసేవాణ్ణి. మా వాడి మొదటి జీతం రోజున ఏం చేశాడో వినండి. వాడు జీతం తీసుకుని ఇంటికొస్తుంటే గేటు దగ్గర ఎదురై, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, రొప్పుతూ, "బాబూ, మా ఆవిడకి ఒంట్లో బాలేదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి, బ్యాంకు మూసేశారు, ఓ అయిదొందలుంటే..." అన్నాడు. మా వాడు మారుమాట లేకుండా తీసి ఇచ్చాడు. ఆటో పిలుచుకొస్తానని పరిగెత్తాడు కూడా. ఆటో తీసుకొచ్చేసరికి ఆవిడ వాకిట్లో ముగ్గుగిన్నె కడుగుతోంది.

ఆదివారం డాబా మీద ఆయన బొటనవేలు తడుపుకుని ఆ నోటు ఎత్తి చూపించి, "ఇది మీలో ఒకడిది. పోయింది" అన్నాడు. మా వాడి చెవులు ఎర్రబడ్డాయట. తిరిగి ఇచ్చాడా? ఇవ్వలేదు. "ఇస్తే మర్చిపోతాడు" అన్నాడు. దాంతో ఓ ప్లాస్టిక్ కుర్చీ కొన్నాడు. ఆ కుర్చీలో తనే కూచుని పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. మా వాడు ఆ కుర్చీ ఎదురుగా చాప మీద కూచునేవాడు. ఛీ! నేను ఆ సంగతి తెలిసి వెళ్ళి నిలదీశాను. "మా వాడి డబ్బు పడెయ్యండి" అన్నాను. ఆయన తాళంచెవి చెవిలో తిప్పుకుంటూ, "కుదరదండీ" అన్నాడు. ఎందుకని అడిగాను. "కుదరదండీ" అన్నాడు. ఇంకో మాట లేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. ఆ రోజు నేను ఆ సబ్బు ముట్టుకోను కూడా లేదు.

ఇక అసలు దెబ్బ.

నాకు వన్‌టౌన్లో నీళ్ళ మోటార్ల షాపుండేది. అమ్మకం, రిపేరు. వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉందని చెప్పను. కానీ నా చూపు హనుమాన్ జంక్షన్ మీద పడింది. చుట్టూ చేపల చెరువులు తవ్వేస్తున్న రోజులు. ప్రతి చెరువుకీ మోటారు కావాలి. నాలుగురోడ్ల కూడలికి దగ్గర్లో ఓ గది ఖాళీ అయింది. ఆ గది నా చేతికి వస్తే నా బతుకు మారేది. అడ్వాన్సు కోసం చీటీ పాడాను. మొదటి నెలల్లోనే పాడాను కాబట్టి ఎక్కువే వదులుకున్నాను. కుదరదుగారు వింటే నవ్వుతాడని తెలుసు. నవ్వనీ. గది పోతే మళ్ళీ రాదు. డబ్బు ఇవ్వాలంటే ఇంకొక్క జామీను కావాలన్నారు చీటీలవాళ్ళు. నా దగ్గర మా మేనల్లుడున్నాడు, పక్కా సర్కారు జీతం.

ఉయ్యూరులో మా బంధువుల గృహప్రవేశం వచ్చింది. నేను అన్నీ చూసుకునే కూచున్నాను. మా వాడికి ఎడం పక్కన నేను, కుడి పక్కన మా అక్క. ఎదురు వరసలో, మాట పట్టుకుంటే వదలని ఓ పెద్దావిడని నేనే చెయ్యి పట్టుకుని తెచ్చి కూచోబెట్టాను. వంకాయ కూర వడ్డించాక ఫారం తీసి మడత విప్పాను. నలుగురికీ వినపడేలా, "ఒరేయ్ అబ్బాయ్, చిన్న సంతకం" అన్నాను.

"ఏంటి మావయ్యా అది?"

"ఏం లేదురా. చీటీ పాడాను. హనుమాన్ జంక్షన్లో షాపు పెడుతున్నాగా. జీతం సర్టిఫికెట్టు తర్వాత ఇద్దువుగాని. చెయ్యి కడుక్కుని వచ్చి ఇక్కడ ఓ గీత గీసెయ్."

ఎదురుగా పెద్దావిడ నేను అనుకున్నట్టే అందుకుంది. "పెట్టరా, సొంత మేనమామ అడుగుతుంటే ఆలోచనేంటి?"

మా వాడు అన్నంలో కూర కలపడం ఆపాడు. నా మొహంలోకి చూశాడు. "కుదరదు మావయ్యా" అన్నాడు.

నేను ఆగాను. కారణం చెబుతాడని చూశాను. ఆఫీసువాళ్ళు ఒప్పుకోరంటే దానికి నా దగ్గర జవాబుంది. నాన్న వద్దన్నాడంటే బావగారు ఆ పక్క బంతిలోనే ఉన్నారు. వాడు ఏమీ చెప్పలేదు.

"ఏం? ఎందుకని?"

"కుదరదు మావయ్యా."

అంతే. అదే స్వరం, అదే మాట. నాకు ఆ డాబా, ఆ చాప, ఆ న్యూస్‌పేపరు మీది పకోడీలు కళ్ళ ముందు తిరిగాయి. వడ్డించేవాడు బకెట్టుతో వచ్చి "పప్పు?" అన్నాడు. "వెయ్యండి" అన్నాడు మా వాడు. వాడికి పప్పు కుదిరింది. మా అక్క తల ఎత్తకుండా, "అన్నం తినరా తమ్ముడూ, చల్లారిపోతోంది" అంది. పెద్దావిడ కూడా ఏదో అనబోయి, పెరుగు ఇంకా రాలేదేమని వడ్డించేవాళ్ళ మీద కేకలేసింది.

ఆ ఫారం మీద నా విస్తరిలోని పులుసు పడింది. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంకో జామీను దొరకలేదు. హనుమాన్ జంక్షన్ గది టైర్ల వ్యాపారి తీసుకున్నాడు. అటువైపు బస్సులో వెళితే ఇప్పటికీ నేను తల రెండోవైపు తిప్పుకుంటాను.

ఆ మర్నాడే నేను ఆ డాబా మెట్లెక్కింది. కాలరు పట్టుకున్నది.

సరే, ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. చదివేవాళ్ళలో ఆ రోజు అక్కడున్నవాడు ఒకడైనా ఉంటే నా పరువు పోతుంది. కాలరు పట్టుకోలేదు. మెట్లెక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. శిష్యులెవరూ లేరు, ఆ రోజు సోమవారం. ఆయన ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేచి, ఆ ప్లాస్టిక్ కుర్చీ, మా వాడి డబ్బుతో కొన్న కుర్చీ, నా వైపు జరిపాడు. నేను కూచున్నాను. "మంచినీళ్ళు కావాలాండీ?" అన్నాడు. "మజ్జిగుంటే ఇప్పించండి" అన్నాను. చొక్కా ముట్టుకున్న మాట మాత్రం నిజం. ఆయన భుజం మీద గండుచీమ పాకుతుంటే దులిపాను. కృష్ణ ప్రసక్తి కూడా వచ్చింది. ఈసారి కాలవలకి నీళ్ళు ముందే వదిలారట అనుకున్నాం.

మజ్జిగ తాగాక, "మీరు చేసిందేం బాగాలేదండీ" అన్నాను. తిట్టడానికి వెళ్ళినవాణ్ణి, అండీ లేకుండా నోరు తిరగలేదు. అదే ఆయన చెప్పిన జబ్బు.

"దేని గురించండీ?"

"మా వాడి చేత నాకు కుదరదనిపించారు. నలుగురిలో. తింటున్న విస్తరి ముందు."

ఆయన తాళంచెవి తీశాడు, ఎందుకో మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. "మీరు మీ మేనల్లుణ్ణి..." అని ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు. ఒక్కగుక్కలో నాకున్న అసహ్యమంతా కక్కేశాను. సబ్బుండ దగ్గర మొదలుపెట్టి, వెంట్రుకలు, బొటనవేలు, సగం టీ కప్పు, అన్నీ. ఆయన మెడ వంచుకుని విన్నాడు. చివరికి, "సబ్బు గురించి మీరన్నది నిజమేనండీ, మా ఆవిడ కూడా అంటుంది" అన్నాడు. నేను దిగి వచ్చేశాను. ఆ తర్వాత ఆయన గుమ్మం తొక్కలేదు.

మొన్న పెద్దకర్మ భోజనాలకి వెళ్ళడం మా ఆవిడ పోరు పడలేకనే. వీధి చివరిదాకా కార్లు. అప్పటి కుర్రాళ్ళందరూ బొజ్జలు పెంచుకుని, సొంత ఇళ్ళు కట్టుకుని, ప్రమోషన్లు పొంది వచ్చారు. బందరు కుర్రాడు, ఇప్పుడు కుర్రాడేమిటి, తల సగం నెరిసింది, దండ వేసిన ఫోటో ముందు నిలబడి, "సార్ లేకపోతే నేను మా ఊళ్ళో సగంమంది బాకీలు తీరుస్తూ ఉండేవాణ్ణి" అని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు అన్నం సయించలేదు. ఆ వరసల్లో కూచున్నవాళ్ళని చూశాను. పక్కపక్కనే కూచుని తింటున్నారు, ఒక్కడు కూడా పక్కవాణ్ణి ఏమీ అడగలేదు. కారుందా, ఇంటిదాకా దింపుతావా అని కూడా అడగలేదు. అడిగితే ఏం వస్తుందో అందరికీ తెలుసు. ఒక ఊరి పిల్లల గొంతుల్లోంచి మొహమాటాన్ని గోరుతో గీకి తీసేసి, ఆ చోట ఒక్క మాట అతికించి పోయాడు. డబ్బు మిగిలిందా? మిగిలింది. అది చాలా? ఆపదలో ఉన్న మేనమామ మొహం మీద విస్తరి ముందు తలుపు వేయగలిగితే, ఆ చదువుని ఏమనాలి? నేను రోత అంటాను. పోయాక కూడా అంటాను. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు పంపు దగ్గరకి పోయి చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

ఇక్కడిదాకా రాసి, నిన్న ఆదివారం మా మేనల్లుడు భోజనానికి వస్తే కూచోబెట్టి చదివి వినిపించాను. వాడు మొదట్లో కాలరు దగ్గర నవ్వాడు. సబ్బు దగ్గర, "దాంతో నేను రెండేళ్ళు స్నానం చేశాను మావయ్యా, ఏం కాలేదు" అన్నాడు. గృహప్రవేశం దగ్గర నవ్వడం మానేశాడు. అయిపోయాక కాగితాలు దొంతి పెట్టి, "ఎలా ఉందిరా?" అన్నాను.

"ఒక తప్పుంది."

"కుర్చీ సంగతా?"

"కాదు. నేను నీకు కుదరదన్నది ఆయన చెప్పడం వల్ల కాదు. నువ్వు అడుగుతావని అమ్మ ముందే చెప్పింది. ఆదివారం ఫంక్షన్ అనగా శనివారం ఆయన్ని అడిగాను. 'సొంత మేనమామ. పెట్టెయ్. పెట్టిన రోజే ఆ డబ్బు పోయిందనుకో' అన్నాడు."

"పెట్టమన్నాడా?"

"పెట్టమన్నాడు. నేనే పెట్టలేదు."

మా ఆవిడ మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నేను, "మరి ఎందుకురా?" అన్నాను.

"వన్‌టౌన్ షాపు మొదలుపెట్టినప్పుడు అమ్మ గాజులు పట్టుకెళ్ళావు. మూణ్ణెల్లలో విడిపిస్తానన్నావు. అప్పుడు నేను అయిదో క్లాసు. అమ్మ ఇప్పటికీ మట్టిగాజులతోనే పెళ్ళిళ్ళకి వెళుతోంది. నీకు కుదరదని చెప్పడానికి నాకు ఆయన పాఠం దేనికి మావయ్యా? ఆ మాట ఆయన మీద రాయకు, కొట్టెయ్. అది నేను నిన్ను చూసి నేర్చుకున్నాను."